వెబ్ యాప్‌ని బ్రౌజర్‌లో ఇన్‌స్టాల్ చేయించాలంటే ఏ ప్యాకేజ్ ఫైల్ తయారుచేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌తో జమాఖర్చులు రాసుకునే చిన్న యాప్ ఒకటి చేశారు. దాన్ని జిప్ ఫైల్‌లాగానో, క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌లాగానో ఒక ప్యాకేజ్‌గా కట్టి, వాడేవాళ్లు బ్రౌజర్ నుంచే ఇన్‌స్టాల్ చేసుకునేలా ఇవ్వాలనుకుంటున్నారు. నెట్ లేకపోయినా అది తెరుచుకోవాలి. తర్వాత ప్లే స్టోర్‌లోనూ పెట్టాలని ఉంది. పాత ట్యుటోరియల్ ఒకటి చూసి మ్యానిఫెస్ట్ (యాప్ పేరు, ఐకాన్ లాంటి వివరాలు ఉండే ఫైల్) రాస్తే క్రోమ్ ఒప్పుకోవట్లేదు.

సూటిగా చెప్పాలంటే, ప్యాకేజ్ ఫైల్ అక్కర్లేదు. మీ సైటే ప్యాకేజ్. హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) మీద నడిచే సైటు, దానికి ఒక వెబ్ యాప్ మ్యానిఫెస్ట్ ఉంటే ఇన్‌స్టాల్ అవుతుంది. నెట్ లేకుండా నడవాలంటే సర్వీస్ వర్కర్ (పేజీకీ నెట్‌కీ మధ్య ఉండి, దాచుకున్న ఫైళ్లను అందించే స్క్రిప్ట్) రాయాలి. ప్లే స్టోర్‌కి మాత్రం నిజంగానే ఒక ప్యాకేజ్ కావాలి, కానీ దాన్ని మీరు చేత్తో కట్టక్కర్లేదు, టూల్స్ ఉన్నాయి. ప్లే స్టోర్ సంగతి పక్కనపెడితే, ఈ పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఇన్‌స్టాల్ చేయించడం తేలికే. ఒకసారి జనం ఫోన్లలోకి వెళ్లాక మార్చలేని విషయాలు కొన్ని ఉన్నాయి, అసలు టెన్షన్ వాటితోనే. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం వాటి గురించే.

ముందు మీ ట్యుటోరియల్ సంగతి. అది బహుశా క్రోమ్ యాప్స్ కాలం నాటిది. అప్పట్లో ఫైళ్లన్నీ కట్టగట్టి స్టోర్‌లో పెట్టే ప్యాకేజ్డ్ యాప్స్ ఉండేవి. విండోస్, మ్యాక్, లినక్స్‌లలో వాటిని ఆపేస్తున్నామని గూగుల్ 2016లోనే ప్రకటించింది. ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌లోనూ జిప్ ప్యాకేజ్ పద్ధతి ఉండేది, ఆ ఓఎస్సే పోయింది. ఈలోగా 2015లో గూగుల్ ఇంజినీర్ అలెక్స్ రస్సెల్, డిజైనర్ ఫ్రాన్సెస్ బెర్రిమన్ ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ (పీడబ్ల్యూఏ) అని పేరుపెట్టిన పద్ధతి నిలబడింది. మ్యానిఫెస్ట్ అన్న పేరు రెండు చోట్లా ఉంది కానీ లోపలి రాత వేరు. పాతదాన్ని సవరించే ప్రయత్నం చేయకండి, పక్కన పడేసి కొత్తది రాయండి.

మ్యానిఫెస్ట్‌లో ఏం ఉండాలి

క్రోమ్, ఎడ్జ్ లాంటి క్రోమియం బ్రౌజర్లు చూసేవి కొన్నే. పేరు గానీ పొట్టి పేరు గానీ, స్టార్ట్ యూఆర్‌ఎల్ (యాప్ తెరవగానే వచ్చే పేజీ చిరునామా), డిస్‌ప్లే (మామూలుగా స్టాండలోన్, అంటే అడ్రస్ పట్టీ లేని సొంత విండో), 192 పిక్సెళ్ల ఐకాన్ ఒకటి, 512 పిక్సెళ్లది ఒకటి. సైటు హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి. మీ మెషీన్‌లోనే నడిచే సర్వర్‌కి, అంటే లోకల్‌హోస్ట్‌కి మాత్రం మినహాయింపు ఉంది. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిచిన పేజీకి ఇవేవీ పనిచేయవు. మీరు అలా పరీక్షిస్తుంటే అది మానేసి, ఏదో ఒక చిన్న లోకల్ సర్వర్ పెట్టుకోండి.

సర్వీస్ వర్కర్ లేకపోతే ఇన్‌స్టాల్ అవ్వదని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఒకప్పుడు నిజమే. మొబైల్ క్రోమ్‌లో 108, డెస్క్‌టాప్‌లో 112 వెర్షన్ నుంచి ఆ షరతు తీసేశారు. అంటే ఇన్‌స్టాల్‌కీ ఆఫ్‌లైన్‌కీ ఇప్పుడు ముడి లేదు. మీకు ఆఫ్‌లైన్ కావాలి కాబట్టి ఎలాగూ రాస్తారు. కానీ ఇన్‌స్టాల్ అవ్వకపోతే సర్వీస్ వర్కర్‌ని అనుమానిస్తూ కూర్చోకండి.

ఇంకో మాట. క్రోమ్ తనంతట తాను ఇన్‌స్టాల్ చేసుకోమని అడగాలంటే, వాడేవాళ్లు పేజీ మీద ఒక్కసారైనా నొక్కి ఉండాలి, కనీసం 30 సెకన్లు చూసి ఉండాలి. పేజీ తెరవగానే ఏమీ రాలేదని కంగారుపడేవాళ్లలో సగం మంది సమస్య ఇదే.

ఐకాన్ల దగ్గర రెండు విషయాలు. మ్యానిఫెస్ట్‌లో రాసిన సైజూ, ఫైల్ అసలు సైజూ ఒకటే ఉండాలి, 512 అని రాసి 500 పిక్సెళ్ల ఫైల్ పెట్టకండి. రెండోది మాస్కబుల్ ఐకాన్. ఆండ్రాయిడ్ ఫోన్లు ఐకాన్‌ని గుండ్రంగానో, మూలలు నున్నగానో కత్తిరిస్తాయి. బొమ్మ మధ్యలో, వెడల్పులో 80 శాతం వ్యాసం ఉన్న వృత్తం మాత్రమే భద్రం. 512 ఐకాన్‌లో అది సుమారు 409 పిక్సెళ్లు. మీ గుర్తు మొత్తం అందులో ఇమడాలి. అదే బొమ్మను మామూలు ఐకాన్‌గా కూడా వాడితే డెస్క్‌టాప్‌లో చుట్టూ ఖాళీతో చిన్నగా కనబడుతుంది. అందుకని ఒకే ఫైల్‌కి రెండు పనులూ అప్పజెప్పకుండా విడివిడిగా రెండు ఫైళ్లు పెట్టండి.

డెవ్‌టూల్స్‌లో (బ్రౌజర్‌లోనే ఉండే తనిఖీ పనిముట్లు) మ్యానిఫెస్ట్ మొదటి లైను, మొదటి అక్షరం దగ్గరే సింటాక్స్ ఎర్రర్ అని వచ్చిందనుకోండి. మీ జేసన్ (మ్యానిఫెస్ట్ రాసే ఫార్మాట్) చూస్తే శుభ్రంగా ఉంటుంది. ఇది నాకు తరచూ ఎదురయ్యే కేసు. సైటు లాగిన్ వెనకాల ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. బ్రౌజర్ మ్యానిఫెస్ట్‌ని కుకీలు (లాగిన్ అయ్యారని చెప్పే చిన్న గుర్తులు) లేకుండా అడుగుతుంది. సర్వర్ లాగిన్ పేజీని చేతిలో పెడుతుంది. బ్రౌజర్ ఆ హెచ్‌టీఎంఎల్‌ని జేసన్ అనుకుని చదవబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. పేజీలో మ్యానిఫెస్ట్‌ని చూపించే లింక్ ట్యాగ్‌లో క్రాస్‌ఆరిజిన్‌కి యూజ్-క్రెడెన్షియల్స్ అని పెడితే సరిపోతుంది. నేనైతే మ్యానిఫెస్ట్‌నీ ఐకాన్లనీ లాగిన్ బయట పెట్టేస్తాను. వాటిలో దాచాల్సిన రహస్యం ఏమీ ఉండదు కదా.

మొదటి యూజర్ రాకముందే తేల్చుకోవాల్సినవి

మొదటిది డొమైన్. ఇన్‌స్టాల్ అయిన యాప్ ఆ డొమైన్‌కి అతుక్కుపోతుంది. జమాఖర్చులన్నీ ఇండెక్స్‌డ్‌డీబీలో (బ్రౌజర్‌లోనే ఉండే డేటాబేస్) దాస్తున్నారంటే, ఆ డేటా కూడా ఆ డొమైన్‌దే. రేపు మంచి పేరు దొరికిందని కొత్త డొమైన్‌కి మారితే పాత యాప్ తనంతట తాను కొత్తది అయిపోదు, డేటా దానంతట అది వలసపోదు. నాకు తెలిసిన ఒక చిన్న టీమ్ ఉచిత హోస్టింగ్ వాళ్లిచ్చిన సబ్‌డొమైన్ మీదే యాప్ విడుదల చేసింది. తర్వాత సొంత డొమైన్ కొని, పాతదాని నుంచి దారి మళ్లించారు. ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకి పాత ఐకాన్ నొక్కితే పైన అడ్రస్ పట్టీతో కొత్త సైటు తెరుచుకునేది. అందులో లెక్కలు ఖాళీ. జనం డేటా పోయిందనుకున్నారు. నిజానికి పోలేదు, పాత డొమైన్ కింద చెక్కుచెదరకుండా ఉంది, కానీ దాన్ని తెరిచే పేజీ లేదు. చివరికి దారి మళ్లింపు తీసేసి, పాత డొమైన్‌లో ఎగుమతి పేజీ ఒకటి పెట్టాల్సి వచ్చింది. కాబట్టి సొంత డొమైన్ కొనే ఉద్దేశం ఉంటే ముందే కొనండి. డేటాని ఫైల్‌గా దింపుకునే బటన్‌ని మొదటి వెర్షన్‌లోనే పెట్టండి.

రెండోది ఐడీ. మ్యానిఫెస్ట్‌లో ఐడీ అనే అంశం ఉంది, చాలామంది రాయరు. రాయకపోతే స్టార్ట్ యూఆర్‌ఎల్లే ఐడీ అవుతుంది. ఆరు నెలల తర్వాత మీరు స్టార్ట్ యూఆర్‌ఎల్‌ని మార్చారనుకోండి, బ్రౌజర్ దృష్టిలో అది వేరే యాప్. పాతది ఇన్‌స్టాల్ అయి ఉన్నా, కొత్తది ఇన్‌స్టాల్ చేసుకోమని మళ్లీ అడగొచ్చు. మొదటిరోజే ఒక ఐడీ రాసి దాన్ని ముట్టుకోకుండా ఉంటే ఆ తర్వాత స్టార్ట్ యూఆర్‌ఎల్‌ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

మూడోది స్కోప్. ఏ దారి కింద ఉన్న పేజీలు యాప్‌లో భాగమో అది చెబుతుంది. రాయకపోతే స్టార్ట్ యూఆర్‌ఎల్ ఉన్న ఫోల్డర్ దగ్గర్నుంచి లెక్క. స్కోప్ దాటిన లింక్ నొక్కితే పైన అడ్రస్ పట్టీ ప్రత్యక్షమవుతుంది. చెల్లింపు పేజీకో బయటి లాగిన్‌కో వెళ్లినప్పుడు అది కనబడితే భయపడకండి, అలా కనబడటమే మంచిది. ఒకే డొమైన్‌లో మూడు నాలుగు యాప్‌లు ఫోల్డర్లుగా పెట్టే ఆలోచన ఉంటే మాత్రం వద్దంటాను. స్కోప్‌లు వేరైనా స్టోరేజ్, అనుమతులు అన్నిటికీ ఉమ్మడే. ఒక యాప్ క్యాష్ (దాచుకున్న ఫైళ్ల కాపీలు) తుడిస్తే పక్కదాని క్యాష్ కూడా పోవచ్చు. యాప్‌కో సబ్‌డొమైన్ ఇవ్వండి.

నాలుగోది సర్వీస్ వర్కర్ ఫైల్ పేరు, అది ఉండే చోటు. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

సర్వీస్ వర్కర్: పేరు మార్చొద్దు

కొన్ని బిల్డ్ టూల్స్ ప్రతి జావాస్క్రిప్ట్ ఫైల్ పేరు చివర ఒక హ్యాష్ (ఫైల్ మారినప్పుడల్లా మారే అక్షరాల గుంపు) తగిలిస్తాయి. మామూలు ఫైళ్లకి అది మంచిదే. సర్వీస్ వర్కర్‌కి మాత్రం ప్రమాదం. ఎందుకో చూడండి. యూజర్ ఫోన్‌లో పాత సర్వీస్ వర్కర్ ఉంది. అది పాత ఇండెక్స్ పేజీని క్యాష్ నుంచి ఇస్తుంది. ఆ పాత పేజీ, పాత పేరుతో ఉన్న సర్వీస్ వర్కర్‌నే రిజిస్టర్ చేస్తుంది. మీరు కొత్త పేరుతో సర్వర్‌లో పెట్టిన ఫైల్ గురించి ఆ ఫోన్‌కి తెలిసే దారే లేదు. పాత పేజీ పాత వర్కర్‌ని పిలవడం, పాత వర్కర్ పాత పేజీని ఇవ్వడం, ఇదే తిరుగుతూ ఉంటుంది. మీరు సర్వర్‌లో ఎన్ని మార్పులు చేసినా ఆ యూజర్‌కి చేరవు.

పేరు మార్చకుండా అదే ఫైల్‌లో మార్పు చేస్తే బ్రౌజర్ బైట్ బైట్ పోల్చి, తేడా ఉంటే కొత్తది దింపుతుంది. ఈ పోలిక కోసం ఇప్పటి బ్రౌజర్లు తమ హెచ్‌టీటీపీ క్యాష్‌ని పక్కనపెట్టి నేరుగా సర్వర్‌ని అడుగుతాయి. మధ్యలో సీడీఎన్ (సైటు ఫైళ్ల కాపీలు ఉంచుకుని పంచే సర్వర్లు) ఉంటే అది పాత కాపీ ఇవ్వొచ్చు, అది వేరే తలనొప్పి. ఈ ఒక్క ఫైల్‌ని సీడీఎన్ దాచుకోకుండా సెట్ చేయండి. ఫైల్‌ని యాప్ స్కోప్ మొదలయ్యే ఫోల్డర్‌లోనే పెట్టండి. జావాస్క్రిప్ట్ ఫోల్డర్ లోపల పెడితే దాని పెత్తనం ఆ ఫోల్డర్ వరకే. సర్వర్ ప్రత్యేకంగా హెడర్ పంపితే తప్ప పైకి రాదు.

ఆఫ్‌లైన్ కోసం సర్వీస్ వర్కర్ ఇన్‌స్టాల్ దశలో ఫైళ్ల జాబితా ఇచ్చి యాడ్‌ఆల్ అంటారు. ఆ జాబితాలో ఒక్క ఫైల్‌కి 404 (దొరకలేదని) వచ్చినా మొత్తం విఫలమవుతుంది, సర్వీస్ వర్కరే ఇన్‌స్టాల్ అవ్వదు. ఎక్కడో వాడని ఫాంట్ ఫైల్ ఒకటి తీసేసి, జాబితాలో పేరు మర్చిపోతే చాలు. ఆఫ్‌లైన్ పనిచేయట్లేదని నా దగ్గరకొచ్చిన వాళ్లని నేను మొదట అడిగేది ఈ జాబితానే.

తర్వాత అడిగేది స్టార్ట్ యూఆర్‌ఎల్ చివర ప్రశ్నార్థకం పెట్టి ఏమైనా తగిలించారా అని. యాప్ నుంచి ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టడానికి చాలామంది సోర్స్ అంటూ ఒక పారామీటర్ చేరుస్తారు. క్యాష్‌లో ఉన్నదేమో పారామీటర్ లేని పేజీ. క్యాష్‌కి ఇవి రెండూ వేర్వేరు చిరునామాలు. బ్రౌజర్ ట్యాబ్‌లో ఆఫ్‌లైన్ చక్కగా నడుస్తుంది, హోమ్ స్క్రీన్ ఐకాన్ నొక్కితే మాత్రం నెట్ లేదని వస్తుంది. మ్యాచ్ చేసేటప్పుడు ఇగ్నోర్‌సెర్చ్ ఆప్షన్ ఇవ్వండి, లేదా పారామీటరే తీసేయండి.

అప్‌డేట్‌లో ఇంకో మెలిక ఉంది. కొత్త సర్వీస్ వర్కర్ దిగినా, పాత పేజీ ఏ ఒక్క ట్యాబ్‌లో తెరిచి ఉన్నా వెయిటింగ్‌లోనే ఉంటుంది. రీలోడ్ చేసినా కదలదు. దీనికి విసిగి స్కిప్‌వెయిటింగ్ (ఆగకుండా వెంటనే పనిలోకి దిగమనే ఆదేశం) అని ఒక లైను రాసేసి చేతులు దులుపుకుంటారు. చిన్న యాప్‌కి పర్వాలేదు. కానీ మీ యాప్ ముక్కలు ముక్కలుగా లోడ్ అయ్యేదైతే, పాత పేజీ తెరిచి ఉన్న యూజర్ రిపోర్ట్స్ బటన్ నొక్కుతాడు, పాత పేరున్న ముక్క కోసం అడుగుతుంది, కొత్త వర్కర్ దాన్ని అప్పటికే తుడిచేసి ఉంటుంది, సర్వర్‌లోనూ ఉండదు. స్క్రీన్ తెల్లగా ఆగిపోతుంది. నేను చేసే పద్ధతి ఇది: కొత్త వెర్షన్ సిద్ధంగా ఉందని కింద చిన్న పట్టీ చూపిస్తాను. యూజర్ నొక్కితేనే వర్కర్‌కి సందేశం పంపి స్కిప్‌వెయిటింగ్ చేయిస్తాను. కంట్రోలర్ మారగానే, అంటే కొత్త వర్కర్ పగ్గాలు అందుకోగానే, పేజీని ఒకసారి రీలోడ్ చేస్తాను. జమాఖర్చులు రాస్తుండగా మధ్యలో పేజీ దానంతట అది రీలోడ్ అయితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, కాబట్టి మీ యాప్‌కి ఈ పద్ధతే నప్పుతుంది.

ఐకానో పేరో మార్చినప్పుడు మాత్రం తొందరపడకండి. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ మీ సైటుకి వెబ్‌ఏపీకే అనే చిన్న ఏపీకేని (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) గూగుల్ సర్వర్‌లో తయారుచేయించి ఫోన్‌లో పెడుతుంది. అందుకే అది సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో కూడా కనబడుతుంది. మ్యానిఫెస్ట్ మారిందా అని యాప్ తెరిచినప్పుడు చూస్తుంది కానీ రోజుకోసారికి మించి చూడదు. మారితే, ఫోన్ ఛార్జింగ్‌లో, వైఫైలో ఉన్నప్పుడు మారుస్తుంది. పొద్దున్న ఐకాన్ మార్చి మధ్యాహ్నానికి రాలేదంటే తప్పు మీది కాదు.

ఇన్‌స్టాల్ బటన్, ఐఫోన్

క్రోమియంలో బిఫోర్‌ఇన్‌స్టాల్‌ప్రాంప్ట్ అనే ఈవెంట్ (యాప్‌ని ఇన్‌స్టాల్ చేయొచ్చని బ్రౌజర్ పంపే సంకేతం) వస్తుంది. దాన్ని ఆపి దాచుకుని, మీ సొంత బటన్ నొక్కినప్పుడు ప్రాంప్ట్ పిలవండి. దాచిన ఒక్కో ఈవెంట్‌తో ఒక్కసారే పిలవగలరు. పేజీ తెరవగానే మీద పడకండి. యూజర్ మొదటి లెక్క సేవ్ చేసుకున్నాక అడిగితే, ఎందుకు అడుగుతున్నారో అతనికే అర్థమవుతుంది.

ఐఫోన్‌లో ఆ ఈవెంట్ లేదు. షేర్ మెనూలోంచి హోమ్ స్క్రీన్‌కి యాడ్ చేసుకోమని మీరే రెండు లైన్లు రాసి చూపించాలి. ఐఓఎస్ 16.4 నుంచి సఫారీ కాకుండా వేరే బ్రౌజర్లూ ఇది చేయగలవు. పుష్ నోటిఫికేషన్లు కూడా అప్పుడే వచ్చాయి, హోమ్ స్క్రీన్‌కి చేర్చిన యాప్‌లకే. 180 పిక్సెళ్ల యాపిల్ టచ్ ఐకాన్ విడిగా పెట్టండి. వెనకాల పారదర్శకంగా వదిలేస్తే నల్లగా వస్తుంది.

మీ యాప్‌కి ముఖ్యమైనది డేటా. సఫారీ ట్యాబ్‌లో రాసిన లెక్కలు హోమ్ స్క్రీన్ యాప్‌లో కనబడవు, రెండిటి స్టోరేజ్ వేరు. పైగా ట్యాబ్‌లోనే వాడేవాళ్లు, సఫారీ వాడుతూ ఏడు రోజులపాటు మీ సైటుని ముట్టుకోకపోతే స్క్రిప్ట్ దాచిన డేటాని సఫారీ తుడిచేస్తుంది. హోమ్ స్క్రీన్ యాప్‌కి ఈ ఇబ్బంది రాదు. కాబట్టి ఐఫోన్ వాళ్లకి డేటా నమోదు మొదలుపెట్టక ముందే ఇన్‌స్టాల్ చేసుకోమని చెప్పండి. మొదటి లెక్క సేవ్ చేసుకున్నాక అడగమని పైన చెప్పిన సలహాకి ఇది పూర్తి వ్యతిరేకం.

మ్యాక్‌లో సొనోమా నుంచి సఫారీలో యాడ్ టు డాక్ ఉంది. డెస్క్‌టాప్ ఫైర్‌ఫాక్స్ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి, అక్కడ బ్రౌజర్‌లో బాగా నడిస్తే చాలనుకోండి.

ప్లే స్టోర్

దీనికి ట్రస్టెడ్ వెబ్ యాక్టివిటీ అనే పద్ధతి ఉంది. మీ సైటుని క్రోమ్‌తోనే, అడ్రస్ పట్టీ లేకుండా పూర్తి స్క్రీన్‌లో చూపించే చిన్న ఆండ్రాయిడ్ యాప్ అది. బబుల్‌ర్యాప్ అనే కమాండ్ లైన్ టూల్ గానీ, మైక్రోసాఫ్ట్ వాళ్ల పీడబ్ల్యూఏ బిల్డర్ గానీ మీ మ్యానిఫెస్ట్ చదివి ప్యాకేజ్ తయారుచేసి ఇస్తాయి.

యాప్ మీదే, సైటూ మీదే అని రుజువు చేయడానికి డొమైన్‌లోని వెల్-నోన్ ఫోల్డర్‌లో అసెట్‌లింక్స్ అనే జేసన్ ఫైల్ పెట్టాలి. అందులో యాప్ సంతకపు కీకి చెందిన షా-256 ఫింగర్‌ప్రింట్ (ఆ కీని గుర్తుపట్టే కోడ్) ఉంటుంది. దాదాపు అందరూ ఇక్కడే బోల్తా పడతారు. మీ మెషీన్‌లో ఉన్న కీ అప్‌లోడ్ కీ మాత్రమే. ప్లే స్టోర్ దాన్ని తీసేసి తన దగ్గరున్న కీతో మళ్లీ సంతకం చేసి జనానికి ఇస్తుంది. మీరు మీ కీ ఫింగర్‌ప్రింట్ పెడితే, మీ ఫోన్‌లో నేరుగా ఇన్‌స్టాల్ చేసి చూసినప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది. స్టోర్ నుంచి దింపుకున్నవాళ్లకి పైన అడ్రస్ పట్టీ వస్తుంది. ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీలో అసలు ఫింగర్‌ప్రింట్ ఉంటుంది. రెండిటినీ ఫైల్‌లో పెట్టేయండి, పరీక్షకీ పనికొస్తుంది, విడుదలకీ పనికొస్తుంది.

అయినా ప్యాకేజే కావాలంటే

సర్వర్ లేకుండా, ఫైల్‌గానే అందరికీ పంచాలన్నది మీ అసలు అవసరమైతే పీడబ్ల్యూఏ దానికి జవాబు కాదు. ఎలక్ట్రాన్ గానీ టారీ గానీ చూడండి. ఎలక్ట్రాన్ తన వెంట క్రోమియం మొత్తాన్ని మోసుకొస్తుంది కాబట్టి ఫైల్ బరువు. టారీ సిస్టమ్‌లో ఉన్న వెబ్‌వ్యూనే (వెబ్ పేజీలు చూపించే భాగం) వాడుకుంటుంది కాబట్టి తేలిక. కానీ ఒక్కో ఓఎస్‌లో ఒక్కో ఇంజిన్, పరీక్షలు ఎక్కువ చేయాలి.

క్రోమ్‌లో ఐసొలేటెడ్ వెబ్ యాప్స్ అని ఒకటి ఉంది. ఫైళ్లన్నిటినీ సంతకం చేసిన వెబ్ బండిల్‌గా కడతారు, యాప్ గుర్తింపు డొమైన్ నుంచి కాక సంతకపు కీ నుంచి వస్తుంది. మీరు అడిగిన ప్యాకేజ్‌కి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇదే. అయితే అది ముఖ్యంగా సంస్థలు తమ పాలసీలతో నడిపే క్రోమ్‌ఓఎస్ పరికరాల కోసం. మామూలు యూజర్‌కి లింక్ పంపి ఇన్‌స్టాల్ చేసుకోమనే వీలు లేదు. జమాఖర్చుల యాప్‌కి ఆ దారి పట్టొద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: క్రోమ్‌లో డెవ్‌టూల్స్ తెరిచి, అప్లికేషన్ ట్యాబ్‌లో మ్యానిఫెస్ట్ అన్న చోట నొక్కండి. ఇన్‌స్టాల్ కాకపోవడానికి కారణం అక్కడ ఒక వాక్యంలో రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు, దాంతోపాటు మీ మ్యానిఫెస్ట్‌నీ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. సర్వీస్ వర్కర్ కోడ్ ఇప్పుడే వద్దు, ముందు ఇన్‌స్టాల్ సంగతి తేలనివ్వండి.